మానే రేకు

ఆషాఢంలో రెండో సోమవారం ఉదయం ఎనిమిదీ ఇరవైకి మా బడి పడవ పాయ మధ్యలో మునిగింది. వరద సెలవులు తొమ్మిది రోజులు ఇచ్చాక అదే మొదటి ప్రయాణం. పడవలో పదిహేడు మంది పిల్లలు, పడవ నడిపే సరంగు ఏసుదాసు, గోదావరి మధ్య లంకలోని ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సుగా పనిచేసే నా భార్య వనజాక్షి ఉన్నారు. తరగతి గదుల్లో చేరిన బురద కడిగించడానికి నేను ముందురోజే లంకకు వచ్చేశాను. బడి రేవులో నిలబడి పడవ కోసం చూస్తున్నాను.

వరదకు కొట్టుకొచ్చిన దుంగ ఒకటి నీటి కింద తగిలింది. పడవ వెనక భాగం ముందుగా కుంగింది. పిల్లలు ముందు తలుపులోంచి ఒక్కొక్కరే బయటికి వచ్చారు. లోపలి నుంచి వాళ్ళను పైకి తోస్తున్నది వనజాక్షి. పదిహేడో పిల్ల బయటపడేసరికి తలుపు దగ్గర నీటి ఉరవడికి ఎదురెక్కడం ఎవరివల్లా అయ్యేది కాదు. ఆమె వెనక కిటికీ వైపు తిరిగింది. అది పక్కకు జరిపే కిటికీ. జరగలేదు.

ఏసుదాసు బయటి నుంచి లంగరుతో ఆ కిటికీని కొట్టాడు. కిటికీకి ఉన్న ప్లాస్టిక్ రేకు పగిలింది. అతను లంగరు మళ్ళీ ఎత్తేలోపే ఆ పగులు మూసుకుపోయింది. ఆరుసార్లు కొట్టాడని ఒడ్డున ఉన్నవాళ్ళు తర్వాత చెప్పారు. నేను ఎవరిదో నాటు పడవ ఎక్కి సగం దూరం వెళ్ళేసరికి కిటికీ వెనక ఆమె ముఖం కనబడింది. ఆ రేకు గాజుకంటే తేటగా ఉంటుంది. ఈ మాట కూడా ఆ రేకు పరీక్షల నివేదికలో నేను రాసిందే.

పిల్లల్లో ఒక్కరికీ ఏమీ కాలేదు. ఊరంతా నా దగ్గరికి వచ్చి ఆ మాటే చెప్పి ఓదార్చింది.

నేను లంక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. పడవకు ఏ కిటికీ పెట్టాలో తేల్చే పని నా నెత్తిన పడింది అందుకే. మొదట్లో కిటికీలకు టార్పాలిన్ తెరలు ఉండేవి. గాలివానకు పుస్తకాలన్నీ తడిసేవి. తర్వాత గాజు పెట్టించారు. పడవ తోసే గెడ తగిలి అది పగిలి ఒక పిల్ల చేయి తెగింది. ఇక గాజు వద్దు, ప్లాస్టిక్ రేకుల్లో ఏదో ఒకటి చూడండి మాస్టారూ అన్నారు ఊరివాళ్ళు.

మొదట యాక్రిలిక్ రేకు తెప్పించాను. తేటగా ఉంటుంది, ఎండకు పసుపెక్కదు. కాని వేడికి సాగుతుంది. పడవలు కట్టే వడ్రంగి దాలయ్యతో ముందే చెప్పాను, బోల్టు పట్టే చిల్లు కాస్త పెద్దదిగా, వదులుగా పెట్టమని.

"వదులుగానా?" అన్నాడు దాలయ్య. "నలభయ్యేళ్ళ బట్టి పడవలు కడతన్నానండి. వదులుగా బిగించిన పని నా సేతి మీద జరగలేదు. రేవులో నలుగురూ నవ్వరా?"

బిగువుగా బిగించాడు. మే నెల వచ్చేసరికి ప్రతి బోల్టు చుట్టూ నక్షత్రంలా పగుళ్ళు తేలాయి.

తర్వాత పాలికార్బనేట్ పెట్టాం. సుత్తితో కొట్టినా పగలదు. దానికి గీతలు త్వరగా పడతాయి, కొన్ని నూనెలు పడవు. ఈ రెండో సంగతి నేను చెప్పడం మరిచిపోయాను. నెల తిరక్కుండానే ఏసుదాసు బడికి వచ్చాడు.

"ఏటండీ మాస్టారూ, కిటికీల నిండా సాలీడు గూళ్ళు కట్టేసినట్టు ఉందండి. ఎంత తుడిసినా పోదు."

"దేంతో తుడిచావు?"

"కిరసనాయిలుతోనండి. ఇంజను తుడిసేది దాంతోనే కదా."

"కిరసనాయిలుతోనా!"

"మరి దేంతో తుడవమంటారండి, పన్నీరుతోనా?"

అప్పుడు వచ్చింది రూతు. రూతు మా బడిలో చదివిన పిల్లే. కాకినాడలో ఒక పరిశోధనశాలలో పనిచేస్తోంది. అరచేతంత రేకు ముక్క ఒకటి తెచ్చి, నా ఎదురుగానే దాన్ని మేకుతో అడ్డంగా గీకింది. తడి చేసి ఎండలో పెట్టి, "లెక్కపెట్టు మావయ్యా" అంది ఏసుదాసుతో. అతను వరసకు ఆమెకు మేనమామ. అరవై దాకా లెక్కపెట్టేసరికి గీత కనబడలేదు. అతను ముక్కను అటూ ఇటూ తిప్పి, గోటితో గీరి, వాసన కూడా చూశాడు.

"దెబ్బ తగిలితే మానినట్టు మానిపోయిందేంటే!" అన్నాడు. అప్పటి నుంచి రేవులో దాని పేరు మానే రేకు.

"లోపల గొలుసుల్లాంటి అణువులుంటాయి మాస్టారూ," అంది రూతు. "తెగిన చోట ఆ చివర్లు ఒకదాన్నొకటి వెతుక్కుని పట్టుకుంటాయి. వేడి, తేమ, కాస్త ఒత్తిడి ఉంటే ఇంకా త్వరగా పట్టుకుంటాయి. ఇక్కడ మనకి ఆ మూడూ ఉన్నాయి. అందుకే పరీక్ష ఇక్కడే పెడదామని వచ్చాను."

ఏడాదిపాటు రేకు ముక్కల్ని ఎండలో, ఉప్పునీటిలో, బురదలో, నీడలో ఉంచి వారం వారం రాయడానికి ఒక పట్టిక ఇచ్చింది. పట్టికలో పది గడులు. రంగు, తేట, గీతలు, పగుళ్ళు, అలా. తొమ్మిదో గడి మీద వేలు పెట్టి ఆగింది.

"ముక్కలు ఒకదానికొకటి అంటుకున్నాయా అన్నది ఇది. దీన్ని కాస్త శ్రద్ధగా చూడండి మాస్టారూ. తెగిన చివరకి తన ముక్క ఏదో, పరాయి ముక్క ఏదో తెలియకపోవచ్చు. ల్యాబులో ఇంతవరకు అంటుకోలేదు. కాని ల్యాబు వేరు, లంక వేరు."

ఏడాదిలో యాభై వారాలు నిజమే రాశాను. పిల్లల మార్కులు వేసినంత జాగ్రత్తగా రాశాను. మే నెలలో, నివేదిక పంపడానికి తొమ్మిది రోజులుందనగా, బడిలో నా బల్ల సొరుగు తీశాను. నీడలో ఉంచాల్సిన ముక్కలు రెండు అందులో ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. పైన పుస్తకాల బరువుంది. నెల రోజులుగా ఎవరూ కదపలేదు. తీస్తే రెండూ కలిసి వచ్చాయి. గోటితో విడదీయబోయాను. చాకు మొన పెట్టబోయాను. మొన పెట్టడానికి సందు లేదు. రెండు ముక్కల మధ్య ఉండాల్సిన గీత కోసం వెలుతురుకు ఎత్తి చూశాను. అక్కడ గీత లేదు.

పట్టిక తీశాను. తొమ్మిదో గడిలో "అవును" అని రాస్తే ఇంకో ఏడాది పరీక్ష జరగాలి. రూతుకు ఆ పని ఇచ్చినవాళ్ళు మార్చి దాకానే గడువిచ్చి, ఇక చివరిసారని జూన్ వరకు పొడిగించారు. ఆ తర్వాత ఆమెకు ల్యాబులో చోటుండదు. ఇది ఒక కారణం. ఈ కారణాన్ని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. రెండోది ఎవరికీ చెప్పలేదు. మా లంక బడి పేరు, నా పేరు అప్పటికే జిల్లా పత్రికల్లో వచ్చాయి. జూన్ పన్నెండున పడవకు కొత్త కిటికీలు బిగించే రోజున నేను మాట్లాడాల్సిన నాలుగు మాటలు కూడా కాగితం మీద రాసిపెట్టుకున్నాను.

సొరుగు ఇనప రేకుల కప్పు కింద ఉంది, అక్కడ వేడి ఎక్కువ, పడవలో గాలి ఆడుతుంది అనుకున్నాను. తొమ్మిదో గడిలో "లేదు" అని రాశాను. రెండక్షరాలు. నా అక్షరం బాగుంటుందని అందరూ అంటారు.

ఆ ముక్కను పారేయబుద్ధి కాక ఇంటికి తెచ్చాను. వనజాక్షి అన్నం పెడుతూ దాన్ని చూసింది.

"ఇదేంటండీ, ఇంత మందంగా ఉంది? మిగతావి పల్చగా ఉన్నాయి కదా."

"రెండు ముక్కలు. అతుక్కున్నాయి."

"అయ్యో. రాశారా మరి?"

"రాశాను."

"పాపం రూతు," అంది. "మళ్ళీ మొదటికొచ్చింది. పోనీలెండి, చిన్నపిల్లే కదా, ఇంకో ఏడాది చేస్తుంది." కూర ఇంకాస్త వేసింది. ఆ తర్వాత కిటికీలు బిగిస్తున్నారని తెలిసినప్పుడు, "ఆ అతుక్కోవడం సంగతి తేల్చేశారన్నమాట" అంది. ఆమె అడగలేదు, అనుకుంది. నేను అవునన్నట్టు ఊరుకున్నాను.

కిటికీలు బిగించిన రోజు దాలయ్య ఒక మాట అడిగాడు. జరిపే కిటికీలో రెండు రేకులు పక్కపక్కన ఒకదాని మీదుగా ఒకటి నడుస్తాయి. మధ్యలో మెత్తటి గుడ్డ పట్టీ పెట్టడం వాళ్ళ అలవాటు.

"పట్టీ ఎందుకు పెడతామండి? రేకుకి రేకు రాసుకుని గీతలు పడకుండా. దీనికి గీతలు పడినా మానిపోతాయంటన్నారు. ఇంక పట్టీ దేనికండి, తడిసి కంపు కొట్టడానికి తప్ప?"

"నిజమే కదండీ మాస్టారూ," అన్నాడు ఏసుదాసు. ఇద్దరూ నా వైపు చూశారు. వాళ్ళకు తెలిసినంతలో ఆ తర్కంలో తప్పు లేదు. నాకు ఇంకొంచెం తెలుసు. తల ఊపాను. ఆ పట్టీ ఉండి ఉంటే రేకులు ఒకదానికొకటి తగిలేవి కావు.

ఏడాదిలో చుట్టుపక్కల రేవుల్లో ఇంకో పద్నాలుగు పడవలకు ఆ కిటికీలు వచ్చాయి. మా పడవ కిటికీలు ఏడాదిపాటు రోజూ తెరిచి మూస్తూనే ఉన్నారు, అందుకే ఏమీ కాలేదు. వరద వచ్చినప్పుడు పడవను రేవులో పక్కకు వాల్చి, కిటికీలన్నీ మూసి, పైన టార్పాలిన్ కప్పి కట్టేశారు. తొమ్మిది రోజులు ఒక రేకు బరువు ఇంకో రేకు మీద వాలి ఉంది. సోమవారం ఉదయం జల్లు పడుతుండడంతో ఎవరూ కిటికీ తెరవబోలేదు.

పడవను పైకి తీసినవాళ్ళు లోపలికి వెళ్ళడానికి కిటికీలను రంపంతో కోసి నీళ్ళలో పారేశారు. విచారణాధికారి వచ్చేసరికి మిగిలింది చట్రం ఒక్కటే. వెనక కిటికీ చట్రానికి ఒక గొళ్ళెం ఉంది. సెలవుల్లో లైఫ్‌జాకెట్లు ఎవరైనా ఎత్తుకుపోతారని ఏసుదాసు పెట్టుకున్నది. తాళం కనబడలేదు.

"తాళం తీసేశానండి. ఆదివారం సాయంత్రమే తీసేశాను. ఇంట్లో ఉంది, తెచ్చి సూపిత్తాను," అన్నాడు ఏసుదాసు.

"అది ఈ గొళ్ళేనికి వేసిన తాళమేనని ఏమిటి ఆధారం?" అన్నాడు అధికారి.

ఆయన నన్ను కూడా అడిగాడు. "రేకులో లోపమేమైనా ఉందా మాస్టారూ? మీ పరిస్థితిలో అడగకూడదు, కానీ తప్పదు."

"చేసిన పరీక్షలన్నీ నివేదికలో ఉన్నాయండి," అన్నాను. ఆ వాక్యంలో అబద్ధం దొరకదు. అందుకే దాన్ని ఎంచుకున్నాను.

ఏసుదాసు లైసెన్సు తీసేసుకున్నారు. రేవులో అతని పేరు తాళం ఏసుదాసు అయింది. ఒకరోజు టీ కొట్టు దగ్గర నేను కూర్చుని ఉండగా అతను వచ్చాడు. "ఒరేయ్, గ్లాసు జాగ్రత్త. తాళం ఏసుకుపోతాడు," అన్నాడు ఎవరో. నవ్వారు. నన్ను చూసి నవ్వు ఆపి, ముందు నాకు టీ ఇచ్చారు. వేడిగా ఉంది. తాగాను. ఏసుదాసు టీ తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.

జనవరిలో రూతు పిలిస్తే కాకినాడ వెళ్ళాను. ల్యాబులో బల్ల మీద డజన్ల కొద్దీ రేకు ముక్కలు బిగింపుల్లో వంగి ఉన్నాయి. ఆమె బాగా చిక్కిపోయింది.

"మావయ్య తాళం వేయడు మాస్టారూ. అబద్ధం ఆడేటప్పుడు నా ముఖం చూడలేడు, చూసి చెప్పాడు. రేకులోనే ఏదో ఉంది. వరద నీటి చలికి బిగుసుకుపోయిందేమోనని చూస్తున్నాను. అరవై సార్లు చేశాను. ఏమీ రావడం లేదు."

"అతుక్కోవడం చూశావా?" అని అడగడానికి నోరు తెరిచాను. ఆమే ముందు అంది.

"అంటుకోవడం అయితే కాదు. ఆ గడిలో మీరు లేదని రాశారు. మీరు రాశారంటే అది మళ్ళీ చూడనక్కర్లేదు."

పెట్టెలోంచి బిస్కట్లు తీసి పెట్టింది. నేను రెండు తిని బస్సెక్కాను. ఆమె తప్పు చోట వెతుకుతోందని తెలిసి వచ్చేశాను. వనజాక్షి చనిపోయాక నేను చేసిన పనుల్లో ఇంతకంటే నీచమైనది లేదు.

జూన్‌లో బడి తెరిచిన మూడో రోజు ఏసుదాసు మా గదికి వచ్చాడు. ప్రధానోపాధ్యాయుడు సెలవులో ఉండటంతో ఆ పని నేనే చూస్తున్నాను. అతను గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"మా ఝాన్సీ టీసీ కావాలండి. తొమ్మిదిలోకి వచ్చింది. భీమవరం అవతల రొయ్యల చెరువుల మీద కాపలా పని దొరికిందండి. అక్కడే ఏదో బళ్ళో ఏత్తాను."

"బాగా చదివే పిల్ల కదా ఏసుదాసూ. ఇప్పుడెందుకు?"

"ఆయ్, సదువుద్దండి. ఇక్కడైతే పక్కన ఎవరూ కూకోవడం లేదంట." పైకి చూశాడు. "మాస్టారూ, మీరేం అనుకోకండి. మీ ముందుకి రావాలంటే నాకు కాళ్ళు రావు. అమ్మగారు పోయింది నా పడవలో. కానీ తాళం ఎయ్యలేదండి. పదకొండు నెలల్నించీ సెప్తన్నాను. మా అమ్మ కూడా నమ్మలేదు."

టీసీ పుస్తకం తెరిచాను. పేరు, పుట్టిన తేదీ, తరగతి రాశాను. బడి విడిచిపెట్టడానికి కారణం అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.

"నువ్వు తాళం వేయలేదని నాకు తెలుసు," అన్నాను.

అతను అర్థం కానట్టు చూశాడు.

"రేకులు అతుక్కుపోయాయి. అవి అతుక్కుంటాయని నాకు ముందే తెలుసు. నా సొరుగులో అతుక్కున్నాయి. నేను లేదని రాశాను."

అతను గుమ్మం పట్టుకున్నాడు. బయట పిల్లలు ఎక్కాలు చెబుతున్నారు.

"అమ్మగారికి తెలుసా?"

"రాశానని ఆమెతో చెప్పాను."

"ఆవిడ నమ్మి కూకుంది ఆ కిటికీ పక్కన." నాకు వినబడేంత మాత్రమే అన్నాడు. తర్వాత గొంతు పెరిగింది. "నువ్వు మనిషివేనా? నీ పెళ్ళాం నీళ్ళలో పోతే నేను ఏడిసేనయ్యా! నా మూలంగానే పోయిందేమోనని, తాళం నిజంగా తీశానో లేదోనని రేత్రుళ్ళు లేసి తాళం సూసుకునేవోణ్ణి. నాకే నా మీద నమ్మకం పోయింది. నువ్వు టీ తాగేవు నా ఎదురుగా!"

ఎక్కాలు ఆగిపోయాయి. అతను గమనించి గొంతు తగ్గించాడు. ముఖం తుడుచుకున్నాడు.

"ఆ రేకు ఇంకా ఎన్ని పడవలకుందండీ?"

ఈ పదకొండు నెలలూ నా తప్పు గురించి ఆలోచించాను. ఆమె గురించి ఆలోచించాను. అతని గురించి కూడా ఆలోచించాను. ఆ పడవల గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"పద్నాలుగు," అన్నాను.

"వరదలు రావడానికి ఇంక నెల్లాళ్ళే ఉంది," అన్నాడు.

కారణం గడిలో "తండ్రి మీద మోపిన అబద్ధపు నింద" అని రాసి అతని వైపు తిప్పాను. అతను నెమ్మదిగా చదివాడు.

"ఇది మా పిల్ల కొత్త బళ్ళో సూపించాలండీ. వాళ్ళు ఏం నిందని అడగరా? మీ మనసు తేలికవ్వడానికి దాని కాగితం మీద రాయకండి. తండ్రి పని మార్పు అని రాయండి."

ఆ కాగితం చించి, ఇంకోటి అతను చెప్పినట్టే రాసిచ్చాను.

ఆ సాయంత్రం రూతుకు ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. "ల్యాబులో రెండు ముక్కలు కలిపి బరువు కింద పెట్టి చూస్తే తేలిపోయేది మాస్టారూ. నేనెందుకు చూడలేదు?" అని, సమాధానం కోసం ఆగకుండా పెట్టేసింది. మూడు రోజుల తర్వాత ఒకే ఒక్క వాక్యం పంపింది. రేకుల మధ్య గుడ్డ పట్టీ పెట్టకుండా కిటికీలు బిగించిన ప్రతి పడవనూ ఆపమని తాను కూడా రాసిచ్చానని. విచారణాధికారికి నేను చేతిరాతతో నాలుగు పేజీలు ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, "దీన్ని పైకి పంపాలి" అన్నాడు. ఇంకా జవాబు రాలేదు.

జవాబు కోసం ఏసుదాసు ఆగలేదు. చెరువుల కాపలా పని వారం వాయిదా వేసుకున్నాడు. దాలయ్యను, రంపాన్ని వెంటబెట్టుకుని రేవు రేవుకూ వెళ్ళాం. ఏసుదాసు కోస్తాడు, నేను రేకు పట్టుకుంటాను, దాలయ్య టార్పాలిన్ తెర బిగిస్తాడు. కోత వెనకే మూసుకుపోతుంటే దాలయ్య మధ్యలో చెక్క ముక్కలు దిగ్గొడుతూ వచ్చాడు. ఏసుదాసు నాతో పని మాటలే మాట్లాడాడు. "ఇటు పట్టండి." "గట్టిగా." "వదలండి." ఏడో పడవలో, కిందటి నెలంతా ఒడ్డున ఉంచినదానిలో, నాలుగు కిటికీలూ అతుక్కుని ఉన్నాయి. ఆ పడవ మర్నాడు పెళ్ళివారిని తీసుకెళ్ళాల్సింది. దాలయ్య కిటికీ మీద చెయ్యి వేసి తోశాడు, మళ్ళీ తోశాడు. "పట్టీ వద్దన్నది నేనేనండి," అన్నాడు. నేను కాదనాలనుకున్నాను. ఏసుదాసు ముందే అన్నాడు, "నువ్వు అడిగేవు మావా. తల ఊపింది వేరేవోళ్ళు."

పదకొండు పడవల రేకులు తీసేశాం. ఏసుదాసు కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయాడు. అతని లైసెన్సు ఇంకా తిరిగి రాలేదు. మిగిలిన వాటిలో రెండు పడవలు అద్దెకు ఎగువకు వెళ్ళాయంటున్నారు. ఒకటి చేతులు మారింది, కొన్నవాళ్ళ ఊరు ఎవరికీ తెలియదు. సెలవు రోజుల్లో నేను ఒక్కో రేవుకీ వెళ్ళి అడుగుతున్నాను. గోదావరికి వరద తెచ్చే ఎర్రనీరు వచ్చింది. ఆ మూడు పడవలూ ఇంకా దొరకలేదు.